ఇవి కూడా చూడండి, మీ ఖర్మ

వార్తల వెబ్‌సైటులో ఎవరో పెద్దాయన పోయారని చదువుతాం. అయ్యో అనుకునేలోపు కింద ‘ఇవి కూడా చదవండి’ అంటూ నాలుగు బొమ్మలు: తులం బంగారం ధర, హీరోయిన్ మాల్దీవుల ఫొటోలు, గోంగూర మటన్, ఈ రాశివారికి పట్టిందల్లా బంగారమే. బోడిగుండుకీ మోకాలికీ ముడిపెట్టడం అని పెద్దలు వెక్కిరించిన పనికి ఇప్పుడు జీతాలిస్తున్నారు. పేరు కూడా ఘనంగా పెట్టారు, రికమెండేషన్ ఇంజిన్ అని.

ఆ ఇంజిన్ మూత తీసి చూడండి. చాలాచోట్ల లోపల ఉండేది ఒకటే లైను: ఆర్డర్ బై ర్యాండ్, లిమిట్ 4. అంటే, చేతికందినవి నాలుగు తీసి అక్కడ పడెయ్యి అని డేటాబేసుకి ఆజ్ఞ. అది పాపం పేజీ తెరిచిన ప్రతిసారీ లక్ష వార్తలకీ తలో గాలివాటం అంకె తగిలించి, ఆ వరసలో పేర్చి, నాలుగు ఏరి, మిగతావి వదిలేస్తుంది. సర్వర్ మూలుగుతూ ఉంటుంది. మీటింగులో మాత్రం ‘ఏఐ ఆధారిత సిఫార్సులు’ అని స్లైడు పడుతుంది, చప్పట్లు కూడా పడతాయి.

కాస్త మనస్సాక్షి ఉన్న కుర్రాడు దొరికితే ట్యాగుల జోలికి వెళ్తాడు. రెండు వార్తలకి ఎన్ని ట్యాగులు కలిస్తే అంత చుట్టరికం. దివ్యమైన ఆలోచనే, ట్యాగులు సవ్యంగా ఉంటే! ప్రతి వార్తకీ ‘తాజా వార్తలు’, ‘వైరల్’, ‘హైదరాబాద్’. ఆ హైదరాబాద్ అయినా ఒకలా ఏడవదు: ఒకచోట దీర్ఘం ఎగిరిపోయి ‘హైదరబాద్’, ఇంకోచోట చివర కంటికి కనపడని స్పేసు. డేటాబేసు దృష్టిలో అవి మూడు వేర్వేరు ఊళ్లు. అన్నిట్లోనూ ఉన్న మాటకి విలువ తగ్గించాలి, అరుదైన మాటకి బరువు పెంచాలి అని కంప్యూటర్ శాస్త్రవేత్త కేరెన్ స్పార్క్ జోన్స్ 1972లోనే లెక్క కట్టి చెప్పారు. ఆవిడ మాట వినడానికి కోట్ల పెట్టుబడి అక్కర్లేదు, క్వెరీలో ఒక భాగహారం, ఒక లాగరిథం చాలు. కానీ భాగహారానికి ప్రెస్‌మీట్ ఎవరు పెడతారు?

దుకాణాల సైట్లది ఇంకో తంతు. ఇది కొన్నవాళ్లు ఇంకేం కొన్నారో వస్తువు వస్తువుకీ పోల్చి, ముందే పట్టిక కట్టి పెట్టుకునే పద్ధతిని అమెజాన్‌కి చెందిన లిండెన్, స్మిత్, యార్క్ 2003లో పేపరుగా అచ్చువేశారు. రహస్యమేం లేదు, ఎవరైనా చదువుకోవచ్చు. మనవాళ్లు చదివారు, పోలిక వదిలేసి లెక్కింపు పట్టుకున్నారు. అందరూ కొనేది ఫోన్ కవరు. కాబట్టి రుబ్బురోలు చూసినా ఫోన్ కవరే, రామాయణం చూసినా ఫోన్ కవరే. ఇక నిన్న ఫ్రిజ్ కొన్నవాడికి ఇవాళ మళ్లీ ఆరు ఫ్రిజ్‌లు చూపిస్తారు. చూసినవి ఒక టేబుల్లో, కొన్నవి ఇంకో టేబుల్లో ఉంటాయి. ఆ రెండు టేబుళ్ల టీములకీ మాటల్లేవు.

నవ్వుకుని ఊరుకుందామంటే అన్నీ నవ్వులాటలు కావు. 2006 జనవరిలో వాల్‌మార్ట్ సైటు ‘ప్లానెట్ ఆఫ్ ది ఏప్స్’ డీవీడీ చూసేవాళ్లకి నల్లజాతి నాయకుడు మార్టిన్ లూథర్ కింగ్ మీద తీసిన సినిమాని జోడీగా చూపించింది. కంపెనీ క్షమాపణ చెప్పుకుని, ఆ సిఫార్సుల వ్యవస్థనే ఆపేసింది. కోతుల సినిమా పక్కన ఏం పడుతోందో ముందుగా ఒక్క మనిషి పేజీ తెరిచి చూసుంటే ఆ పరువు మిగిలేది. అలా చూడ్డం మాత్రం ఎవరి ఉద్యోగ వివరణలోనూ రాసి ఉండదు.

సరే, మీరు మొండివాళ్లు. ట్యాగులు కడిగారు, బరువులు వేశారు, రాత్రిపూట పట్టిక కట్టించారు. నిజంగా చుట్టరికం ఉన్న నాలుగు వస్తువులు పేజీలోకి వచ్చాయి. మర్నాడు మార్కెటింగ్ వారి నుంచి కబురొస్తుంది: “బాబూ, ఆ టేబుల్లో ఇంకో కాలమ్ పెట్టు. పేరు బూస్ట్. గోడౌన్లో కదలని సరుక్కి వెయ్యి వెయ్యి, డబ్బు కట్టిన కంపెనీకి పదివేలు వెయ్యి. బూస్టూ పోలికా కూడి పై నాలుగూ చూపించు.”

మీరు చెమటోడ్చి కట్టిన పోలిక విలువ సున్నాకీ ఒకటికీ మధ్య ఉంటుంది.