శోకం వరస

2025 ఫిబ్రవరి నెలాఖరు. నాదెండ్లలో ఓ మిర్చి రైతు తెల్లారుజామున గుండె ఆగి పోయాడు. కల్లంలో కాయలు ఇంకా ఎత్తలేదు.

ఇంటిముందు టెంటు వేసేలోపే రిటైరైన ఇంగ్లీషు మాస్టారు వచ్చాడు. బంధువుల కంటే ముందొచ్చాడు, బంధువుల కంటే ఎక్కువ ఏడ్చాడు. కళ్లు తుడుచుకుని, పెద్దకొడుకు భుజం మీద చెయ్యేసి మెల్లగా అడిగాడు.

"బీరువాలో నాన్న కాయితాలేమన్నా ఉన్నాయేమో చూశావా?"

"చూశా మాస్టారూ. పాసుపుస్తకాలు తప్ప ఏం లేవు. ఆయన లెక్కలన్నీ నోటిమీదే గదా."

"పాపం, అమాయకుడు" అంటూ మాస్టారు కండువా దులుపుకుని కుర్చీ లాక్కున్నాడు.

టెంటు కింద రేటు మాట నడుస్తోంది. కేంద్రం క్వింటాలుకు 11,781 రూపాయలు ప్రకటించింది. రెండేళ్ల కిందట గుంటూరు యార్డులో 20,000 దాటిన కాయ అది. కోత కూలికీ మందులకీ కూడా చాలదన్నారొకరు. ఇంక రైతుకి మిగిలింది ఏడుపేనన్నారు ఇంకొకరు.

మాస్టారికి సందు దొరికింది.

"ఇంగ్లీషులో క్రై అంటే మొదట ఏడవడం కాదయ్యా. కేకెయ్యడం. టముకు వేసేవాణ్ణి వాళ్లు టౌన్ క్రయర్ అంటారు. వాడేమన్నా ఏడుస్తాడా?"

లేదన్నట్టు నలుగురు తలలూపారు.

"దాని మూలం లాటిన్లో ఉంది, క్విరిటారె. రోమ్ పౌరుల్ని క్విరిటెస్ అనేవాళ్లు. వీధిలో అన్యాయమైపోయినవాడు వాళ్లని పేరెత్తి కేకేస్తే జనం సాయానికి రావాలి. రెండువేల ఏళ్ల నాటి వర్రో అనే పండితుడు రాసిన మాట ఇది. ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషులోకొచ్చింది. కన్నీళ్ల అర్థం ఆనక ఎప్పటికో, పదహారో శతాబ్దానికి గాని కుదురుకోలేదు."

అది పంది కూతలోంచి పుట్టిన మాటేనని వాదించే పండితులూ ఉన్నారు. చావింట్లో మాస్టారు ఆ సంగతి ఎత్తలేదు.

"కేక విని చేరినవాళ్లంతా సాక్షులే గదా మరి" అన్నాడు చివర్లో. వరండాలో శవం పక్కన కూచున్న ఇల్లాలు అప్పటికి శోకం ఆపి ఉంది. మంచినీళ్లు తాగుతోంది.

గ్లాసు కిందపెట్టి మళ్లీ అందుకుంది.

ఆ ఊరి ఆడవాళ్ల శోకానికి ఒక వరస ఉంటుంది. పోయినవాడి గుణాలు ముందు, చేసిన కష్టం తర్వాత, చివరికి లెక్కలు.

"పురుగుమందుల కొట్టు బాకీ సంకురేత్రికే తీర్చి పోతివా నాయనో..."

కొట్టాయన టెంటు కింద తలూపాడు.

"కోల్డ్ స్టోరేజీలో అరవై టిక్కీలు పెట్టి రేటన్నా చూడకపోతివే నాయనో..."

అరవయ్యే, అన్నాడు బస్తాలు తోలిన ట్రాక్టరు కుర్రాడు.

"మా తమ్ముడు గేదెకని తీసుకున్న నలభై వేలు అడగను గూడా అడగకపోతివే నాయనో..."

తమ్ముడు శవం కాళ్ల దగ్గరే ఉన్నాడు. వచ్చే నెల ఇస్తానక్కా, అని గొణిగాడు.

ఒక్కో పేరుకీ ఒక్కో తల కదులుతోంది. తప్పు చెప్పావనడానికి ఎవరికీ సందివ్వడం లేదు ఆమె. రూపాయల దగ్గరికొచ్చేసరికి గొంతు ఇంకొంచెం లేస్తోంది. టెంటు కింద మాటలు ఆగిపోయాయి. మాస్టారు కండువా అంచు వేలికి చుట్టుకుంటూ కూచున్నాడు.

"రేటున్న ఏడు కాయలమ్మి, మాస్టారి కూతురు పెళ్లికి మూడు లచ్చలిచ్చి, కాయితమన్నా రాయించుకోకపోతివే నాయనో..."

"మూడు కాదమ్మా, రెండే!" అని మాస్టారు కుర్చీలోంచి లేచాడు.

ఆమె చెంగుతో కళ్లు తుడుచుకుని టెంటు వైపు చూసింది.

"పెద్దలంతా ఇన్నారు గదా" అని, ఆపినచోటి నుంచి మళ్లీ అందుకుంది.