కిలోమీటరుకు రూపాయేనండీ!

బెంగళూరు శివార్లలో జిగణి, బొమ్మసంద్ర, ఎలక్ట్రానిక్ సిటీ చుట్టుపక్కల ఏ అపార్టుమెంటు లిఫ్టులోనైనా ఆకుపచ్చ నంబరు ప్లేటు విద్యుత్ కారున్న తెలుగాయన పక్కన నిలబడి చూడండి. మీరేమీ అడగక్కర్లేదు. మూడో అంతస్తు దాటేలోగా ఆయనే మొదలుపెడతాడు. "పెట్రోలు పోయించుకోవడం మానేశామండీ. కిలోమీటరుకు రూపాయే!" ఈ మాట అనేటప్పుడు ఆయన ముఖంలో కనబడే వెలుగు తిరుపతిలో బ్రేక్ దర్శనం దొరికినవాడి ముఖంలో కూడా ఉండదు.

అబద్ధమా అంటే కాదు. 2025లో బెంగళూరు కరెంటు సంస్థ బెస్కాం ఇళ్లకిచ్చే కరెంటు యూనిట్ 5 రూపాయల 80 పైసలు. పన్నూ, సర్‌ఛార్జీ కలిపినా ఏడు దాటదు. ఛార్జింగులో వృథా పోను యూనిట్‌కు ఆరు కిలోమీటర్లు నడుస్తుంది. అంటే రూపాయీ పదో పరకో పైసలు. అదే ఏడు బెంగళూరులో పెట్రోలు లీటరు 102 రూపాయల పైమాటే. జిగణి లింకు రోడ్డులో గ్రానైటు లారీల వెనక ఫస్టు గేరులో పాకే కారు లీటరుకు పద్నాలుగు కిలోమీటర్లిస్తే గొప్ప. అంటే కిలోమీటరుకు ఏడు రూపాయల పైనే. ఇంతవరకూ రూపాయి పక్షానిదే గెలుపు, సందేహం లేదు.

చిక్కేమిటంటే, సరిగ్గా ఇక్కడే వాళ్లు కాలిక్యులేటర్ మూసేస్తారు.

రూపాయికి నడిచేది కిలోమీటరు. కారు రూపాయికి రాలేదు. రోడ్డు పన్నులో తేడా తీసేశాక కూడా అదే సైజు పెట్రోలు కారు కన్నా మూడు లక్షలు ఎక్కువ పెట్టి కొన్నారనుకుందాం. వారంలో సగం రోజులు ఇంటి నుంచే పని, మిగతా రోజులు కంపెనీ బస్సు. కారు నెలకు తిరిగేది ఐదొందల కిలోమీటర్లు. కిలోమీటరుకు ఆరు చొప్పున నెలకు మూడు వేలు, ఏడాదికి ముప్పై ఆరు వేలు మిగులు. మూడు లక్షలు తిరిగి రావడానికి ఎనిమిదేళ్ల పైన పడుతుంది. బ్యాటరీకి మామూలుగా కంపెనీలిచ్చే వారంటీ కూడా ఎనిమిదేళ్లే! లాభం గుమ్మంలోకి రావడం, వారంటీ వెళ్లిపోవడం ఒకే ముహూర్తం.

ఇది తెలిసిన కొందరు బుద్ధిమంతులు దానికో విరుగుడు కనిపెట్టారు. ఎక్కువ తిరిగితే ఎక్కువ మిగులుతుంది కదా! అందుకని కొత్తిమీర కట్టకు బన్నేరుఘట్ట దాకా వెళ్లొస్తారు. చూసిన జూనే మళ్లీ చూస్తారు. పొదుపు చేయడానికి ఖర్చు పెట్టే ఈ విద్య పెళ్లిళ్ల సీజన్లో బంగారం కొట్లవాళ్లకే తెలుసనుకున్నాను.

కర్ణాటక ప్రభుత్వ గృహజ్యోతి పథకం భక్తులు మరో రకం. నెలకు రెండొందల యూనిట్ల దాకా కరెంటు ఉచితం కాబట్టి కారు కూడా ఉచితంగా తిరుగుతుందని వాళ్ల నమ్మకం. ఆ పథకంలో ఇచ్చేది మీ పాత సగటు వాడకం మీద పది శాతం ఎక్కువ, అంతే. రెండొందలు దాటితే మొత్తం బిల్లు మీదే. ఫ్రిజ్జూ మిక్సీ చూసి సగటు కట్టిన ప్రభుత్వానికి మీరు కారు కొంటారని కల రాలేదు.

ఈ పైసల పాట కొత్తదీ కాదు. జిగణి పక్కన బొమ్మసంద్రలోనే 2001లో రేవా కారు బయటికొచ్చింది. చేతన్ మైనీ కంపెనీ. దేశంలో జనం కొనుక్కోగలిగిన తొలి విద్యుత్ కార్లలో అదొకటి. నడిచేది పైసలతోనే. కానీ సీటు కింద ఎనిమిది లెడ్ యాసిడ్ బ్యాటరీలు ఉండేవి. కొన్నేళ్లకోసారి అవి ముసలివై, మిగిలిన పైసలన్నీ పోగేసి వడ్డీతో సహా అడిగేవి. ఆ బండికి ఇక్కడికన్నా లండన్‌లో ఎక్కువ పేరొచ్చింది. జీ-విజ్ అని పిలిచేవారు. 2003లో ఆ ఊరు నడిబొడ్డుకి వచ్చే కార్ల మీద రోజుకు ఐదు పౌండ్ల రుసుము పెట్టారు, విద్యుత్ కార్లను వదిలేశారు. బొమ్మసంద్ర బండి అక్కడ చవకైంది కరెంటు వల్ల కన్నా సర్కారు దయ వల్ల. ఆ పూర్తి దయ 2025 డిసెంబరు 25తో, సరిగ్గా క్రిస్మస్ నాడు, అయిపోయింది. ఇక్కడా అంతే. కర్ణాటక పూర్తిగా మాఫీ చేసిన రోడ్డు పన్నును 2024లో పాతిక లక్షలు దాటిన విద్యుత్ కార్ల మీద పది శాతంగా తిరిగి వేసింది. మాఫీని పునాదిగా పెట్టి పదేళ్ల లెక్క కట్టేవాళ్లు ప్రభుత్వాన్ని మేనమామ అనుకుంటున్నారు.

2024 సెప్టెంబరులో ఇంకా తమాషా జరిగింది. ఎంజీ కంపెనీ విండ్సర్ కారును 9.99 లక్షలకే ఇస్తామంది, బ్యాటరీకి మాత్రం కిలోమీటరుకు మూడున్నర రూపాయలు అద్దె. బ్యాటరీతో కలిపి కొంటే 13.50 లక్షలు. తప్పేం లేదు, అన్నీ కాగితం మీద పెట్టే అమ్మారు. కానీ కరెంటు కూడా కలిపితే కిలోమీటరుకు నాలుగున్నర పైనే, అంటే హైవే మీద మంచి డీజిల్ కారు దరిదాపుల్లోకి వచ్చేసింది. అయినా మనవాడు చెప్పుకునేది రూపాయే. అద్దె వేరే ఖాతా అట!

పెట్రోలు పక్షం వాళ్లు ఇదంతా చదివి మీసం తిప్పనక్కర్లేదు. వీళ్ల లెక్కలు ఇంకా ఘోరం. తమ కారుకు బ్రోషర్లో రాసిన మైలేజీ, ఎదుటివాడి కారుకు సంక్రాంతి రద్దీలో అనంతపురం దారిలో చూపించిన రేంజి. ఫాస్ట్ ఛార్జర్ దగ్గర యూనిట్ ఇరవై రూపాయల చుట్టూ ఉంటుంది, దానిపై 18 శాతం జీఎస్టీ. పండక్కి ఊరెళ్లినప్పుడు కట్టే ఆ ధరను ఏడాది పొడవునా రుద్దుతారు. "బ్యాటరీ పోతే లక్షలు బావా" అని భయపెట్టే మనిషి తన క్లచ్చుకీ, ఇంజను ఆయిలుకీ, ప్రతి సర్వీసులో మెకానిక్ కొత్తగా కనిపెట్టే జబ్బుకీ ఎంత పోశాడో ఏనాడూ రాసుకోడు. ఇక "కరెంటు బొగ్గు నుంచే కదా" అనే పర్యావరణ ప్రేమ ఒకటి. రాయచూరు థర్మల్ కేంద్రం పొగ మీద ఇంత దుఃఖం ఏసీ పద్దెనిమిదిలో పెట్టుకున్నప్పుడు ఎక్కడికి పోయిందో!

నికరమైన లెక్క చూడాలంటే జిగణి పారిశ్రామికవాడ గేట్ల దగ్గర ఆగే విద్యుత్ ట్రాలీ ఆటోల వైపు చూడాలి. రోజంతా సరుకు మోస్తూ తిరిగే బండికి ప్రతి కిలోమీటరూ డీజిల్ డబ్బు మిగులుస్తుంది. రాత్రికి కిరాయి, కరెంటు, కిస్తీ పక్కపక్కన పెట్టుకుని చూసుకుంటారు. అక్కడ రూపాయి గొప్ప కోసం చెప్పే అంకె కాదు, కిస్తీ కట్టే అంకె.

కాబట్టి నా తీర్పు ఇది. నెలకు పదిహేను వందల కిలోమీటర్లు తిరుగుతూ, సొంత పార్కింగులో ప్లగ్గు ఉన్నవాళ్లు విద్యుత్ కారు కళ్లు మూసుకుని కొనవచ్చు. ఐదొందలు దాటనివాళ్లు కూడా కొనవచ్చు, చప్పుడు లేదనో, పిల్లలు ముచ్చటపడ్డారనో. పొదుపు అని మాత్రం అనొద్దు. అసలు 2025 ఆగస్టు 11 నుంచి ఆర్వీ రోడ్డు, బొమ్మసంద్ర మధ్య మెట్రో పసుపు లైను నడుస్తోంది. మొదలుపెట్టినప్పుడు ఆ చివరి నుంచి ఈ చివరికి పంతొమ్మిది కిలోమీటర్లకు టికెట్టు 60 రూపాయలు, అంటే కిలోమీటరుకు మూడు పైనే. రూపాయి పక్షం దృష్టిలో ఇది దుబారా. కానీ దానికి ఇన్సూరెన్సు మీరు కట్టరు, టైర్లు మీరు మార్చరు, బ్యాటరీ బెంగ లేదు, అమ్మబోతే ఎంతొస్తుందన్న దిగులూ లేదు. తక్కువ తిరిగేవాడికి ఈ వైపున దొరికే అతి చవకైన విద్యుత్ వాహనం అదే.