డాబా మీది పురిటిల్లు

మొదటి గుడ్డు పడేనాటికే మా అవ్వ కొత్త చీపురు సగానికి వచ్చింది. దొంగ పరారీలో ఏమీ లేడు. మా కళ్ళముందే ఒక్కో పుల్లను ముక్కున కరుచుకొని, పెళ్ళికొడుకు నడకతో వంటింటి వెంటిలేటర్ మీదికి పోయి వస్తున్నాడు. పుల్ల తెచ్చేది మగది, సర్దుకునేది ఆడది. ఆమె దాన్ని కడుపు కిందికి లాక్కొని, ‘ఇంతేనా?’ అన్నట్టు చూసేది. పాపం మళ్ళీ చీపురు దగ్గరికి. ఇంత తిరుగుడు తిరిగి కట్టిన గూడు ఎట్లుందంటే, గిజిగాడు చూస్తే పిట్టజాతి పరువు పోయిందని ఊరు విడిచిపోతాడు: ఇరవై పుల్లలు, ఒక కరెంటు వైరు ముక్క, మా ఆమె తలపిన్ను.

ఇది ఆదిలాబాద్‌లో, నేను సర్కారు కొలువులో ఉన్నప్పటి ముచ్చట. మా దిక్కు పావురం అంటే పిట్ట ఒక్కటే కాదు, ప్రేమ కూడా. కోస్తా నుంచి కొత్తగా వచ్చిన మా ఆఫీసరు ముందు ఎవరో ‘సారుకు బిడ్డ మీద ఎంత పావురమో’ అంటే, ఆయన తలెత్తి పిల్ల నెత్తి మీద వెతికాడు. ఆ రెండర్థాలూ ఒక్కటేనని నాకు తెలియడానికి ఒక చీపురు, ఒక తలపిన్ను ఖర్చయ్యాయి.

డిసెంబరులో ఆదిలాబాద్ చలి గురించి చెప్పనక్కర్లేదు. పొద్దున లేస్తే మనిషే గుడ్డులోకి తిరిగి పోదామా అనిపిస్తుంది. రెండు గుడ్లలో ఒకటి వెంటిలేటర్ అంచు నుంచి దొర్లి నేరుగా పప్పుగిన్నెలో పడింది. రెండోది పిల్లయింది. ఆ సంబరంలో నేను చేసిన ఘనకార్యం ఏమిటంటే, పుల్లలు గుచ్చుకుంటాయని ఆదివారం అనుబంధం మెరుపు కాగితం తెచ్చి కింద పరిచాను. నున్నటి కాగితం మీద కాలు ఆనక, వారానికల్లా పిల్ల రెండు కాళ్ళూ చెరో దిక్కు చాపి, చెరువులో ఈతకు దిగినట్టు పడుకుంది.

“పేపరు సదువుకునేటందుకురా, పురుడు పోసేటందుకు కాదు” అంది అవ్వ. మెత్తటి నూలుపోగుతో రెండు కాళ్ళనూ నడుమ కొంచెం ఎడం ఉంచి కట్టి, కింద వరిగడ్డి వేసింది. నాలుగైదు రోజుల్లో పిల్ల నిలబడింది. ఆ రోజు నుంచి పావురాల శాఖ నా చేతిలోంచి జారిపోయిందని నాకు అర్థం కావడానికి ఇంకా చాలా ఏళ్ళు పట్టింది.

తర్వాత కరీంనగర్‌కు బదిలీ అయింది. సొంత డాబా. ఇగ మనల్ని అడిగేవాడెవడని, రేకుల కింద గూళ్ళు కొట్టించి, పావురాలు సాకే ఒక ముసలి చిచ్చా దగ్గరికి పోయాను. నేను నాలుగు జోడీలు అడిగితే ఆయన నాలుగు ప్రశ్నలు అడిగాడు. అందులో మొదటిది: “గూళ్ళెన్ని?”

“నాలుగు జోడీలకు నాలుగు.”

“అయితే కొట్లాట చూసేటందుకు కుర్సీ గూడ ఏసుకో సార్.”

జోడీకి రెండు ఖానాలు ఉండాలట. ఎందుకంటే పిల్లలకు పద్దెనిమిది, ఇరవై రోజులు నిండకముందే తల్లి మళ్ళీ గుడ్డుకు సిద్ధమవుతుంది. పెద్ద పిల్లలను తండ్రికి అప్పగించి, పక్క ఖానాలో కొత్త కాపురం పెడుతుంది. ఖానా ఒక్కటే అయితే పెద్ద పిల్లలు కొత్త గుడ్ల మీద కబడ్డీ ఆడతాయి. జోడీ దొరకని మగదాన్ని లోపల ఉంచొద్దన్నాడు. అది రోజుకో గూడు ఆక్రమించబోతుంది, ఆ పెనుగులాటలో గుడ్లు పగులుతాయి. గూటి ముందు జానెడు చెక్క అడ్డం పెట్టమన్నాడు. పిల్ల జారి పక్కవాళ్ళ గూట్లోకి పోయిందంటే, ఆ ఇంటివాళ్ళు తల మీది తోలు ఊడేదాకా పొడుస్తారు. ఇట్లాంటి పక్కిళ్ళు కరీంనగర్‌లో నాకు మనుషుల్లోనూ తెలుసు గాని, అది వేరే వ్యాసం.

“ఇదంతా ఇష్క్ సార్, యాపారం కాదు” అని చిచ్చా ముగించాడు. ఊరికే అనలేదు. అక్బరు పావురాలాటకు పెట్టుకున్న పేరే ఇష్క్‌బాజీ. దర్బారులో ఇరవై వేలకు పైగా పావురాలుండేవని, అందులో ఐదువందలు మాత్రమే మేలైనవని అబుల్ ఫజల్ లెక్క రాసిపెట్టాడు. అంత పెద్ద పాదుషా వెతికి వెతికి పెట్టిన పేరును మా ఊళ్ళో నిరక్షరకుక్షులు ఎప్పుడో ఆ పిట్టకే తగిలించేశారు.

ఖానాలు ఎనిమిదయ్యాయి. ఒక్కోదాంట్లో కుమ్మరి మూకుడు, అందులో వరిగడ్డి, నాలుగు వేపరెమ్మలు. పేలు పట్టకుండా వేప మా అవ్వ సలహా. మక్కలు, జొన్నలు, పెసర్లు కలిపిన దాణా. ఒక గురిగిలో ఇటుకపొడి, పాత సున్నం, ఉప్పు. గుడ్డు పెంకుకు సున్నం కావాలి కదా. మొదటి గుడ్డు సాయంత్రం పూట పడుతుంది, రెండోది ఒకరోజు విడిచి ఎల్లుండి మధ్యాహ్నానికి. అప్పుడు మొదలవుతుంది అసలు పొదుగుడు. సింగరేణి బాయి మీద షిఫ్టులు మారినట్టు మారతారు. మగాయన పొద్దున పదింటికి ఎక్కి సాయంత్రం నాలుగైదింటికి దిగుతాడు. మిగిలిన పొద్దంతా, రాత్రంతా ఆమెదే. పది నుంచి నాలుగు అంటే అచ్చంగా నా ఆఫీసు వేళలే. ఆ సంగతి నేను మురిపెంగా చెబితే మా ఆమె, “ఆయన కూసున్న చోట పని జరుగుతది” అంది.

పదిహేడు, పద్దెనిమిది రోజులకు పిల్లలు. పసుపుపచ్చ నూగు, మూసిన కళ్ళు, ముఖానికి మించిన ముక్కు. కాకి పిల్ల కాకికి ముద్దంటారు గాని, పావురం పిల్లను ముద్దనడానికి పావురానికి కూడా గుండె ధైర్యం కావాలి. అయితేనేం, రెండ్రోజుల్లో రెట్టింపు బరువు, నెల తిరిగేసరికి తల్లి అంత. ఆ మాయ పాలది. తల్లీ తండ్రీ ఇద్దరికీ గొంతు సంచిలో పెరుగు తరకల్లాంటి పాలు తయారవుతాయి. అవును, తండ్రికి కూడా. 1933లో అమెరికాలో ఆస్కార్ రిడిల్ బృందం ‘ప్రొలాక్టిన్’ అని పేరుపెట్టిన హార్మోనును పట్టుకున్నది ఈ పావురాల గొంతు సంచిని చూసే. తల్లులకు పాలు పడే హార్మోను కూడా అదే. ఈ విజ్ఞానం ఇంట్లో చెప్పడం నా జీవితంలో చేసిన పెద్ద పొరపాటు.

“మన పిల్లలప్పుడు మీరేం జేసిండ్రు?”

“నాకు ఆ సంచి లేదు గదా.”

“పాల సంచి గల్లీ మూలమీద దొరుకుతుండె. అదన్న తెచ్చిండ్రా?”

శత్రువుల గురించి చెప్పాలంటే, చీమలను తక్కువగా చూడొద్దు. అప్పుడే పెంకు పగిలిన పిల్లను ఎర్రచీమలు రాత్రికి రాత్రి సాఫు చేస్తాయి. గూళ్ళ బల్ల కాళ్ళ కింద నీళ్ళ గిన్నెలు పెడితే ఆ పీడ పోయింది. పిల్లికీ జెర్రిపోతుకూ సన్నకన్ను జాలీ చాలు. కాని కోతులకు జాలీ కాదు, జైలు కావాలి. మా ఊరి కోతి గొళ్ళెం తీస్తుంది. తీసి, లోపలికి పోయి, గుడ్డును వెలుతురుకెత్తి పట్టి చూసి తాగుతుంది. గొళ్ళేనికి తీగ చుట్టాను, విప్పింది. తాళం వేశాను. తాళం పట్టుకొని కాసేపు ఊపి, నా దిక్కు చూసి, ఎండేసిన వడియాలన్నీ జరిమానాగా పట్టుకుపోయింది. 2020 డిసెంబరులో నిర్మల్ దగ్గర కోతుల పునరావాస కేంద్రం తెరిచారు. పట్టి తెచ్చిన కోతులకు కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేసి అడవిలో వదలడం అక్కడి పని. ఆ వార్త వచ్చిన రోజు మా డాబా మీద ఒక్క కోతి కూడా కనబడలేదు. పేపరు చదివిందేమో తెలియదు.

కుటుంబ నియంత్రణ మా ఇంట్లోనూ అవసరమైంది. ఒక్కో జోడీ ఏడాదికి ఐదారు విడతలు, విడతకు రెండు. నాలుగు జోడీలకు లెక్క వేస్తే యాభై దగ్గర తేలింది. గుడ్లు ఊరికే తీసేస్తే పది పన్నెండు రోజుల్లో మళ్ళీ పెట్టి తల్లి చిక్కిపోతుంది. పొదిగినంతసేపూ పొదగనిస్తే దానికీ విశ్రాంతి, మనకూ విశ్రాంతి. ఉపాయం ఒక్కటే, దొంగ గుడ్లు. ఆ పనికి కూడా నిర్మలే పోయాను. పొనికి కర్రతో సీతాఫలాన్ని చేసి, చింతగింజల లప్పం పూసి, రంగేసి ఈగను మోసం చేసే ఊరు అది. “మామిడికాయ అడిగినోళ్ళున్నరు, చిలుక నడిగినోళ్ళున్నరు, గుడ్డు అడిగింది నువ్వే సారూ” అని నవ్వి ఒకాయన డజను చేసిచ్చాడు. పావురం వాటిని మారుమాట లేకుండా కడుపు కింద పెట్టుకుంది. ఆమె భర్త పదింటికి డ్యూటీ ఎక్కాడు.

అవ్వకు మాత్రం అది నచ్చలేదు. కర్రను కడుపు కింద పెట్టుకొని పద్దెనిమిది రోజులు కూర్చున్న తల్లి ఉసురు తగుల్తదంది. నేను భాగవతం ఎత్తుకున్నాను. అవధూత తనకు ఇరవై నలుగురు గురువులంటూ పావురాన్ని కూడా చెప్పాడు. పిల్లలు వలలో పడితే తల్లి పడింది, తల్లి కోసం తండ్రి పడ్డాడు, అతి పావురం అంత చేటని ఆ పాఠం. అవ్వ వక్క నములుతూ అంతా విని, “ఆ అవధూతకు పిల్లలుండిరా?” అంది. లేరన్నాను. “అదీ సంగతి” అని డాబా మీదికి పోయింది.

సంక్రాంతికి లెక్క చూస్తే ఎనిమిది ఉండాల్సిన చోట పందొమ్మిది పావురాలు. బయటివి కలిశాయనుకున్నాను. రాత్రి టార్చి పట్టుకొని ఎక్కి, దొంగ గుడ్లున్న మూకుళ్ళలోంచి ఒకటి తీసి వెలుతురుకు పెట్టాను. ఐదారు రోజుల గుడ్డులో ఎర్రటి నరాలు సాలెగూడులా కనబడతాయి. కనబడ్డాయి. నిర్మల్ కళాకారులు గొప్పవాళ్ళే గాని, పొనికి కర్రలో నెత్తురు పారించేంత గొప్పవాళ్ళు కారు.

కిందికి వచ్చి అవ్వ వక్కల సంచి విప్పాను. వక్కలు, సున్నం డబ్బీ, పన్నెండు గుడ్లు.

“గవి నెత్తి మీద కొడితే పగలయిరా, జెర పైలం” అంది అవ్వ, అటు తిరిగి పడుకొని. “రేపు బజారుకు పోతే రెండు చీపుర్లు తే. ఒకటి మనకు.”