బతికే ఉన్నా, వదినగారూ!

నవంబరు వచ్చిందంటే కేంద్ర ప్రభుత్వ పెన్షనుదార్లు తాము బతికే ఉన్నామని సర్కారుకు రుజువు చూపించుకోవాలి. చాలామందికి అదొక తంతు. విజయవాడ సత్యనారాయణపురంలో ఉండే ఒక 79 ఏళ్ళ అమ్మమ్మకు మాత్రం తిరనాళ్ళు. ఆమె భర్త రైల్వేలో ఇంజను డ్రైవరు. ఆయన పోయాక ఫ్యామిలీ పెన్షను వస్తోంది. నవంబరు మొదటి వారంలో ఒక మంచిరోజు చూసుకుని, పొద్దున్నే తలంటుకుని, జరీ అంచు వెంకటగిరి చీర కట్టుకుని, పాసుబుక్కు, ఆధార్ కార్డు, మంచినీళ్ళ సీసా సంచిలో పెట్టుకుని బ్యాంకుకు బయల్దేరుతుంది.

నిజానికి వెళ్ళనక్కర్లేదు. 2014లో జీవన్ ప్రమాణ్ అనే డిజిటల్ పద్ధతి వచ్చినప్పటి నుంచి వేలిముద్ర వేస్తే చాలు. ఆమె వేలిముద్ర పడదు. అరవై ఏళ్ళపాటు రోట్లో పచ్చళ్ళు నూరి, చింతపండు పిసికి, అంట్లు తోమిన వేళ్ళు అవి. గీతలు ఎప్పుడో అరిగిపోయాయి. మిషను ఎన్నిసార్లు ఎర్రగా వెలిగినా ఆమె చిన్నబుచ్చుకోదు, "నేను లేననుకుంటోంది పాపం" అని దాని మీదే జాలిపడుతుంది. 2021 నుంచి ముఖం చూపించినా సరిపోతోంది. కిందటేడు పెద్ద మనవడు ఫోను ఎదురుగా పెట్టి, "ఒక్కసారి కళ్ళార్పు అమ్మమ్మా, అయిపోతుంది" అన్నాడు. ఆమె ఫోనుకు అడ్డంగా చెయ్యి పెట్టేసింది.

"బ్యాంకుకు పోకుండానే బతికున్నానని చెప్పేస్తే, మిగతా సంగతులు ఎవరికి చెప్పనురా?"

మిగతా సంగతులంటే ముగ్గురు కూతుళ్ళు, ఐదుగురు మనవలూ మనవరాళ్ళూను.

బ్యాంకులో ఫ్యాను కింద ఉండే బల్ల మీద గార్డుగారి ఆవిడ అప్పటికే కూర్చుని ఉంటుంది. రైల్వే వాళ్ళలో ఇప్పటికీ మనుషులకు పేర్లుండవు, ఉద్యోగాలే. ఒకావిడ గార్డుగారి ఆవిడ, ఒకావిడ డ్రైవరుగారి ఆవిడ. గార్డుగారు, డ్రైవరుగారు ఇద్దరూ వెళ్ళిపోయి చాలా ఏళ్ళయింది. బండి మాత్రం ఇంకా నడుస్తోంది.

"ఏం వదినగారూ, పిల్లలంతా కులాసానా?"

"ఏం కులాసా వదినగారూ! మా నడిపిదాని చిన్నకొడుకును తీసుకెళ్ళి అడవిలో పడేశాం."

"అడవిలోనా!"

"అడవే. జింకలు తిరుగుతాయట. కోతులట. ఇక్కడ సందుకో కాలేజీ ఉండగా వాడి ఖర్మేమిటో."

"ఏ అడవండీ?"

"మద్రాసులో. ఐఐటీ అంటారట."

ఈ చివరి మాట అనేటప్పుడు ఆమె గార్డుగారి ఆవిడ వైపు చూడలేదు. సంచి జిప్పు సరిగ్గా పడిందా లేదా అని చూసుకుంది. మద్రాసు ఐఐటీ 1959లో మొదలైంది, గిండీ అడవిని ఆనుకుని ఉంటుంది, ఆవరణలో జింకలు నిజంగానే తిరుగుతాయి. అంటే ఆమె చెప్పినదాంట్లో అబద్ధం ఒక్కటీ లేదు. గొప్ప కూడా లేదు. వినేవాళ్ళ చెవిలో పడ్డాక అది గొప్పయితే ఆమె పూచీ కాదు.

ఇదంతా దిష్టి వల్ల వచ్చిన విద్య. పసిబిడ్డ బొద్దుగా ఉంటే బుగ్గన నల్లచుక్క పెట్టి కాస్త అందం తగ్గిస్తారు. కొత్త ఇంటికి బూడిద గుమ్మడికాయ కడతారు. మరి మనవడికి ర్యాంకు వస్తే? ర్యాంకుకు చుక్క ఎక్కడ పెట్టాలి? ఆలోచిస్తే, తెలుగు అమ్మమ్మలు ఆ చుక్కను మాటలో పెడుతున్నారు. పిల్లల మంచి కబురు ఏదైనా సరే, పైన ఒక ఫిర్యాదు పొర వేసి గానీ బయటికి వదలరు. లోపల జీడిపప్పు, పైన కాకరకాయ. తినేవాడికి చేదు తెలుస్తుంది, జీడిపప్పు తగులుతుంది, కళ్ళు మాత్రం దాని మీద పడవు.

ఈ అమ్మమ్మకు ఆ విద్య పుట్టుకతో రాలేదు. 1965లో పెద్దది, 1972లో నడిపిది, 1978లో మూడోది పుట్టినప్పుడు కాలనీ మొత్తం వరసగా వచ్చి "ఆడపిల్లేనా" అని దీర్ఘం తీసి వెళ్ళింది. మూడోసారి వచ్చినవాళ్ళలో గార్డుగారి ఆవిడ ఉంది, ఇద్దరు కొడుకులను చెరో చంకనా వేసుకుని. అప్పుడు కాఫీ ఇచ్చి పంపింది తప్ప అమ్మమ్మ ఒక్క మాట అనలేదు. ఆ కాఫీకి బాకీ ఇప్పుడు ఏటా నవంబరులో వసూలవుతోంది.

పెద్దమ్మాయి పెళ్ళి 1985 మే నెలలో చేశారు. ఉమ్మడి ఆస్తిలో ఆడపిల్లలకు కొడుకులతో సమానంగా వాటా ఇస్తూ ఎన్టీ రామారావు ప్రభుత్వం తెచ్చిన సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచి వర్తించింది. అప్పటికే పెళ్ళయిపోయిన వాళ్ళకు లేదన్నారు. నాలుగు నెలల తేడా! 2005లో కేంద్రం చట్టం సవరించి పెళ్ళయినా కాకపోయినా కూతురు కూతురే అనేసరికి, వీళ్ళ వాటాకు వచ్చే రెండు కొబ్బరిచెట్లూ తుపానుకు పోయాయి. అమ్మమ్మకు చెట్ల మీద బెంగ లేదు, చెప్పుకోవడానికి మాత్రం భేషుగ్గా పనికొచ్చింది. "మా పెద్దది ఏ చట్టానికీ అందలేదు వదినగారూ. అంతా సొంత రెక్కల మీదే. హైస్కూలు హెడ్‌మిస్ట్రెస్ అయినా ఏం సుఖం? అరవైకి వదిలేస్తారనుకుంటే అరవై రెండు చేశారు. దాన్ని వదలరు!"

2022 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఉద్యోగుల పదవీ విరమణ వయసు 62కు పెంచిన మాట నిజమే. అందరికీ పెంచారు. ఈమె చెప్పే తీరులో మాత్రం మంత్రివర్గమంతా కూర్చుని, ఈ ఒక్క హెడ్‌మిస్ట్రెస్ వెళ్ళిపోతే ఎట్లాగని బెంగపడి పెంచినట్టు ఉంటుంది.

నడిపిది తిరుపతిలో పద్మావతి మహిళా విశ్వవిద్యాలయంలో చదివింది. ఇప్పుడు బ్యాంకులో పెద్ద అధికారి. ఆమె మీద ఫిర్యాదు చిన్నదే: "ఎక్కడా రెండేళ్ళు ఉండనివ్వరు. వెళ్ళిన ప్రతిచోటా ఇంకా పెద్ద గది ఇస్తారు, మళ్ళీ దానికి అలవాటు పడాలి."

మూడోది న్యూజెర్సీలో ఉంటుంది. 2011లో దాని పురుటికి అమ్మమ్మ ఆర్నెల్లకు అమెరికా వెళ్ళింది. విమానంలో 23 కిలోల చొప్పున రెండు పెట్టెలు. 46 కిలోల్లో ఆమె చీరలు నాలుగు కిలోలు. మిగతాదంతా ఆవకాయ, గోంగూర, కందిపొడి, సున్నిపిండి, బాలింతకు కాయం, ఆముదం సీసా. ఇంట్లో తూకం మిషను లేకపోతే కిరాణా కొట్టు అబ్బాయి కాటా పట్టుకొచ్చాడు. పెట్టె 24 చూపించింది. గోంగూరా, ఒక చీరా అన్న ప్రశ్న వచ్చింది. చీర ఇంట్లో ఉండిపోయింది. తీరా అక్కడ ఎడిసన్‌లో ఓక్ ట్రీ రోడ్డుకు తీసుకెళ్తే గోంగూర కట్టలు కట్టలుగా ఉంది! బ్రిడ్జ్‌వాటర్‌లో వెంకటేశ్వరస్వామి గుడికి తీసుకెళ్తే పులిహోర పెట్టారు. "అంత దూరం వెళ్ళింది మళ్ళీ గోంగూర తినడానికా?" అని పద్నాలుగేళ్ళుగా చెబుతూనే ఉంది. వింటున్నవాళ్ళకు రెండు సంగతులు తెలుస్తాయి. ఒకటి, అమెరికాలో గోంగూర దొరుకుతుంది. రెండు, ఈమె అమెరికా వెళ్ళొచ్చింది.

ఆ పురిట్లో పుట్టిన పిల్ల ఇప్పుడు స్పెల్లింగ్ పోటీలకు వెళ్తోంది. అక్కడి జాతీయ స్పెల్లింగ్ బీలో భారతీయ మూలాలున్న పిల్లలు గెలవడం మామూలైపోయింది. 2024లో బృహత్ సోమ అనే తెలుగింటి పిల్లాడు 90 సెకన్లలో 29 మాటలకు సరైన స్పెల్లింగులు చెప్పి గెలిచాడు. ఈ మనవరాలు అంత దూరం పోలేదు, స్కూల్లో గెలిచింది. అమ్మమ్మ దుఃఖం వేరు. "ఇంగ్లీషులో దానికి రాని మాట లేదట వదినగారూ. 'పళ్ళెం' అనవే అంటే 'పల్లెం' అంటుంది. ఏం చదువో!" ఇది ఆమె అమ్ములపొదిలో అన్నిటికంటే పదునైన బాణం. విన్నవాళ్ళు ఓదార్చాలో అభినందించాలో తేల్చుకోలేక మంచినీళ్ళు తాగుతారు.

గార్డుగారి ఆవిడ తక్కువ తినలేదు. నీళ్ళు తాగి, మూత బిగించి, అంది: "మీ పిల్లలు నయం. మా రెండో కోడలు ఇంట్లో కూడా తీర్పులే చెబుతుంది. పప్పులో ఉప్పెక్కువైందంటే సాక్ష్యం ఏదంటుంది. జడ్జీతో కాపరం మామూలా!"

కోడలి మీద ఫిర్యాదు, కోడలి మీద గొప్ప ఒకే ఊపిరిలో. అమ్మమ్మ ఒప్పుకోక తప్పలేదు. కాసేపు ఇద్దరూ ఫ్యాను వైపు చూస్తూ కూర్చున్నారు.

ఇక ఆ పెద్ద మనవడి సంగతి. నడిపిదాని పెద్దకొడుకు, జింకల మధ్య చదివేవాడికి అన్న. ఇంజినీరింగు రెండో ఏడాదిలో మానేశాడు. ఇతని విషయంలో అమ్మమ్మ ఒక్క ఫిర్యాదూ చేయదు. ఎవరడిగినా "వాడు బంగారం" అంటుంది. "ఎంత మంచివాడో", "వాడంత ప్రేమ ఎవరికీ లేదు", "మందుబిళ్ళలు వాడే వేస్తాడు". నల్లచుక్క లేదు, గుమ్మడికాయ లేదు, కాకరకాయ పొర లేదు. ఉత్త జీడిపప్పు.

కుర్రాడికి లెక్కలు రాకపోవచ్చు, అమ్మమ్మ వచ్చు. ఒకరోజు మందుబిళ్ళ చేతికిస్తూ అడిగాడు. "అమ్మమ్మా, నన్ను ఎప్పుడూ తిట్టవేం?"

"నువ్వేం చేశావని తిట్టను?"

"అదే నేననేది."

ఆమె మందుబిళ్ళ మింగింది గానీ, మాట మింగుడు పడలేదు.

అతను ఊరికే లేడు. డ్రోన్ రూల్స్ 2021 ప్రకారం శిక్షణ తీసుకుని రిమోట్ పైలట్ సర్టిఫికెట్ తెచ్చుకున్నాడు. స్నేహితుడితో కలిసి పంటలకు మందుకొట్టే డ్రోన్ కొన్నాడు. చేత్తో పంపు కొడితే సగం పూట పట్టే ఎకరం, పది నిమిషాల లోపే అయిపోతుంది. ఇన్నాళ్ళూ అమ్మమ్మ లెక్కలో అది గాలిపటం. "పెద్దాడు పొలాల మీద ఏదో ఎగరేస్తాడు" అనడం, మాట మార్చడం.

ఈ నవంబరులో ఆమెను బ్యాంకుకు బండి మీద తీసుకెళ్ళింది అతనే. డెల్టాలో వరికి దోమపోటు తగిలిన రోజులు. బల్ల పక్కన నిలబడ్డ పావుగంటలో అతని ఫోను ఏడుసార్లు మోగింది. "రేపు పొద్దున్నే వస్తానండీ", "గాలి ఎక్కువుంటే కొట్టకూడదండీ", "బాబాయ్, ముందు పెనమలూరు వాళ్ళది అవనివ్వండి" అని అతను సర్ది చెబుతున్నాడు. గార్డుగారి ఆవిడ వింటోంది. ఆమె వినడాన్ని అమ్మమ్మ చూసింది. ఎనిమిదోసారి మోగింది.

"ఎవరండీ ఆ అబ్బాయి, క్షణం తీరిక లేకుండా?"

అమ్మమ్మ సంచి జిప్పు లాగి చూసుకుంది.

"ఏం చెప్పమంటారు వదినగారూ! మా నడిపిదాని పెద్దాడు. వేళకు తిండి లేదు, నిద్ర లేదు. రైతులు నిలవనిస్తేనా? రాత్రి పదింటికి కూడా ఫోన్లే. పైలట్ అవ్వమని ఎవరు చెప్పారు వీడికి?"

కుర్రాడు ఫోను చెవి దగ్గరే పెట్టుకుని, అవతలి రైతు హలో హలో అంటున్నా పలకడం మర్చిపోయాడు.

ఆ సాయంత్రం వాకిట్లో అతన్ని పీట మీద కూర్చోబెట్టి, గుప్పెట్లో కళ్ళుప్పు, ఎండుమిరపకాయలు పట్టుకుని మూడుసార్లు తిప్పి, కుంపట్లో వేసింది. సందులో మూడిళ్ళవాళ్ళు తుమ్మారు. అతను కళ్ళు తుడుచుకుంటూ, దగ్గుతూ లేవబోతే భుజం పట్టి మళ్ళీ కూర్చోబెట్టింది.

"చూశావా, ఘాటే రాలేదు. ఆవిడ కన్ను ఎంత గట్టిగా తగిలిందో!"