చురక: అడ్రసిచ్చినా...

అమెరికాలో షేర్ల మోసగాళ్ల పని పట్టడానికి ఎస్‌ఈసీ అనే సర్కారు సంస్థ ఉంది. అందులో లాయర్లకు కొదవ లేదు. జనం డబ్బును షేర్లలో పెడతానన్న బెర్నార్డ్ మేడాఫ్‌ది మోసమని హ్యారీ మార్కోపోలోస్ అనే లెక్కల మనిషి 2000 నుంచీ మొత్తుకున్నాడు. 2006లో లాయర్లు మేడాఫ్‌ను కూర్చోబెట్టి ప్రశ్నించారు. షేర్లు దాచిన ఖాతా నంబరు ఆయనే చెప్పాడు. ఒక్క ఫోను కొడితే అక్కడ ఆయన చెప్పినన్ని షేర్లు లేవని తేలేది. కొడితేగా!

2008 డిసెంబరులో ఆయనే కొడుకుల దగ్గర నిజం కక్కాడు. వాళ్లు చెబితేగాని అరెస్టు కాలేదు. కాగితాల మీది దాదాపు 6,500 కోట్ల డాలర్లు హుళక్కి!

ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఈ దొంగ అడ్రసిచ్చినా లాయర్లు పట్టలేదు!