ఇజము: స్వీయచరిత్ర

అర్థవంతమైన పదమొకటి ముందు నిలిచిననే గాని ఉచ్చారణకు నోచుకొనని ప్రత్యయజాతియందు నేను పుట్టితిని. నన్ను ఇజమందురు. నా పుట్టినిల్లు గ్రీకు భాష. అందు 'ఇజీన్' అంతమందు గల క్రియలు పెక్కులు. ఆ క్రియలు తెలుపు పనికి పేరు కావలసినప్పుడు నన్ను 'ఇస్మోస్' అను రూపమున చేర్చెడివారు. నీట ముంచుట 'బాప్టిజీన్' కాగా, ఆ ముంచుడు 'బాప్టిస్మోస్' ఆయెను. ఒక జాతి ఆచారములను అనుష్ఠించుటయు పనియే గావున యూదుల ధర్మమునకు 'యుదాయిస్మోస్' అను నామము నా వలననే ఏర్పడెను. క్రియనుండి విశ్వాసమునకు నేను సాగిన త్రోవ యిదియే.

లాటిను, ఫ్రెంచి భాషల మీదుగా ఇంగ్లీషును చేరిన పిదప నాకు విశ్రాంతి లేదు. 1677లో డ్రైడెన్ కవి నా తోడ్పాటుతో 'విట్టిసిజం' అను మాటను కల్పించి, క్రొత్తమాటకు క్షమింపుడని పాఠకులను వేడెను. 1680 నాటికే నన్ను మూలపదమునుండి విడదీసి స్వతంత్రనామముగా వ్రాసిరి, అదియు నిందార్థముననే. 1849లో మాగ్నస్ హుస్ అను స్వీడను వైద్యుడు దీర్ఘకాల మద్యపానము దేహమునకు కలిగించు వికారములను రోగముగా వర్ణించుచు, ఆ రోగనామమున నన్ను నిలిపెను. పాపిగా మాత్రమే చూడబడుచుండిన త్రాగుబోతును రోగిగా చూచు దృష్టికి నేనును సాయపడితినని నాకు గర్వము.

నిందకై నన్ను వాడినవారి సంకల్పము నిలువదనుటకు పారిసు నగరమే సాక్షి. 1874లో అచ్చటి చిత్రప్రదర్శనమున క్లోద్ మోనే 'ఇంప్రెషన్, సూర్యోదయము' అను పటమును ఉంచగా, లూయీ లెరువా అను విమర్శకుడు 'షరివరి' పత్రికలో ఆ పటము పేరునే పట్టుకొని, నా తోబుట్టువైన 'ఇస్టు'ను చేర్చి, ఆ చిత్రకారులను ఇంప్రెషనిస్టులని ఎగతాళి చేసెను. వారు కుంగిపోలేదు, 1877 నాటి ప్రదర్శనమున ఆ పేరునే ధరించిరి. నాడు పరిహాసమునకు పుట్టిన మాటకు నేను తోడై ఇంప్రెషనిజమను కళామార్గమునకు గౌరవనామమైతిని.

తెలుగునకు వచ్చినప్పుడు మార్క్సిజము, హ్యూమనిజము అని నన్ను నన్నుగానే వాడినవారు కలరు. పండితులు మాత్రము, ఇంగ్లీషున నేనొక్కడనే మోయు బరువును వివేకముతో పంచిరి: సిద్ధాంతమైనచో సామ్యవాదమనిరి, పదార్థధర్మమైనచో అయస్కాంతత్వమనిరి, రుమాటిజమునకు కీళ్లవాతమను తమ వైద్యుల మాటయే చాలుననిరి.