గుండె గీతలు: ఒక కాగితపు ఆత్మకథ

గులాబిరంగు చిన్నచిన్న గళ్ళతో నిండిన కాగితమును నేను. యంత్రము నన్ను సెకనునకు 25 మిల్లీమీటర్ల చొప్పున నడపును గావున, మిల్లీమీటరు వెడల్పు గల నా గడి యొక్కొక్కటి సెకనులో ఇరువదియైదవ భాగమునకు గుర్తు. మానవహృదయమున బుట్టు విద్యుత్తును తీగెలతో బట్టి గీతలుగా మార్చు విద్యను నెలకొల్పి, 1924లో నోబెల్ బహుమానమందిన ఐంథోవెన్ అను డచ్చి పండితుడు మా కులమునకు మూలపురుషుడు. ఆస్పత్రులలో మమ్ము ఇ.సి.జి. యని పిలుతురు.

దక్కను పీఠభూమి మీది యొక సైనిక ఆస్పత్రిలో, వేకువజామున, రొమ్ముపట్టి చెమటలు గ్రమ్ముచుండిన యొక హవల్దారు గుండెనుండి నేను జన్మించితిని. అతడు పశ్చిమగోదావరి జిల్లావాడు; తరతరములుగా సైన్యమునకు మనుష్యులను బంపుచు మిలిటరీ మాధవరమని పేరు వడసిన గ్రామమునకు పొరుగూరివాడు. రెండేండ్లు లడాఖు మంచుకొండలపై కాపలా కాచి, సైనికులు పీస్ స్టేషనని పిలుచు ప్రశాంతపు చోటికి దిగివచ్చి అప్పటికి కొలది మాసములే యయ్యెను. వైద్యాధికారి నన్ను చేతబట్టి, రెండవ మూడవ లీడులలోను ఏ.వి.ఎఫ్.లోను లోతుగా దిగిన క్యూ తరంగములను జూచి, గుండె క్రిందిగోడలో కొంత కండ యిదివరకే చచ్చినదని గ్రహించెను. ఆ చావు నిన్నటిదా, మంచులో నిలిచిన నాటిదా యన్నది నా గీతలలో లేదు. ఏమి జరిగినదో చెప్పగలనుగాని, యెందుకు జరిగినదో చెప్పుట నా చేతగాదు. నా బ్రదుకంతయు మాత్రము ఆ ‘ఎందుకు’ చుట్టునే తిరిగినది.

మా జాతికి మరియొక బలహీనత కలదు. వేడికి నల్లబడు పూతమీద వ్రాయబడినవారము గావున, ఎండకును కాలమునకును వెలిసిపోవుదుము. ఆ సంగతి నెరిగిన యొక గుమాస్తా నన్ను జిరాక్సు తీయించి, ఆ ప్రతిని నా ప్రక్కనే కుట్టియుంచెను. లేనిచో ఈ కథ చెప్పుటకు నాకు నోరుండెడిది కాదు.

చికిత్స జరిగెను. హవల్దారును ‘లో మెడికల్ క్యాటగిరీ’ యను తక్కువ ఆరోగ్యశ్రేణిలో నుంచి, తేలికపనులు పెట్టి, సేవాకాలము ముగియగానే యింటికి బంపిరి. పంపుటకు ముందు కూర్చున్న మెడికల్ బోర్డు, వైకల్యము 30 శాతము, అదియు యావజ్జీవమని తేల్చి, దాని క్రిందనే ఆ జబ్బు సైనికసేవవలన బుట్టినదియు గాదు, సేవవలన ముదిరినదియు గాదని వ్రాసెను. వైకల్యము 20 శాతమునకు తగ్గకుండుట యొక్కటియే చాలదు. అది సేవవలన కలిగినదో ముదిరినదో యయిననేగాని వైకల్యపు పింఛను రాదు. కారణమడుగు గడిలో ‘పీస్ స్టేషనులో ఆరంభము, జీవనశైలి’ అను ముక్కలు తప్ప మరేమియు లేవు.

వైద్యులను నేను నిందింపను. హృద్రోగము సిపాయికే కాదు, షావుకారునకును బడిపంతులునకును వచ్చును. పొగాకు, మధుమేహము, రక్తపుపోటు, వంశము, అన్నియు దానికి త్రోవలే. నా హవల్దారు సిగరెట్టు కాల్చును. (ఆ యలవాటు ఏ కొండమీద, ఏ రాత్రి కాపలాలో పట్టువడినదో యడుగు గడి యా పత్రములో లేదు.) సైనిక వైద్యుల మార్గదర్శిక, హృద్రోగము విషయమున జబ్బు తాకుటకు ముందటి 14 దినముల విధులను పరిశీలింపుమనును. పేరుకొన్న క్రొవ్వు పగులుటకు ఒక్కనాటి యాయాసమే చాలునన్నది నిజమే. కాని ఆ క్రొవ్వు ధమనులలో పేరుకొనుటకు ఏండ్లు పట్టును. ఆ యేండ్లలో అతడెక్కడ నుండెనో పీస్ స్టేషను రిజిస్టరులో నెట్లు దొరకును?

మొదటి యప్పీలును రెండవ యప్పీలును కమిటీల ముందుకు బోయి, అవే ముక్కలతో తిరిగివచ్చెను. అటుపిమ్మట నేను చిరకాలము బీరువాలో పట్టుచీరల క్రింద నుంటిని. ఒకనాడు ఇల్లాలి గొంతు వినబడెను.

“ఏమండీ, ఈ కాయితాలు ఇలా మూలుగుతుంటే ఏం లాభం? మీతో చేసినాయనకి చెన్నైలో గెలిచిందంటగా?”

“మళ్ళీ ఎవరి కాళ్ళు పట్టుకోమంటావే?”

“కాళ్ళు కాదు, మంచి వకీల్ని పట్టుకోండి.”

2007 నాటి చట్టముచేత నేర్పడి 2009లో పని మొదలిడిన సాయుధదళముల ట్రిబ్యునలునకు చెన్నైలో నొక బెంచి కలదు. తెలుగునాట మాజీ సైనికుల వ్యాజ్యములు అచ్చటికే పోవును. న్యాయమూర్తి యొకరును, సైన్యమున నున్నతపదవి నిర్వహించి విరమించిన వారొకరును కలసి విచారింతురు. ప్రభుత్వపు వకీలు పదునాలుగు దినముల మాటయే చెప్పెను. మా వకీలు నన్ను ముట్టనైనను లేదు. నాకంటె రెండు పదుల యేండ్లు పెద్దదియు, నేనెన్నడును లెక్కచేయనిదియునైన యొక పసుపుపచ్చని కాగితమును, అనగా భర్తీనాటి వైద్యపరీక్షా పత్రమును, పైకి దీసెను. అందు హృదయమను గడిలో ‘నార్మల్’ అని యుండెను.

ధరమ్‌వీర్ సింగు కేసున 2013లో సుప్రీంకోర్టు చెప్పిన మాట యిదే. ఆ కేసు మూర్ఛకు సంబంధించినదైనను సూత్రము గుండెకును వర్తించును: భర్తీనాడు జబ్బున్నట్లు వ్రాసియుండనిచో సిపాయి యారోగ్యవంతుడుగా చేరినట్లే భావింపవలెను, జబ్బు సేవవలన వచ్చినదని రుజువు చేయు భారము అతనిపై లేదు, సందేహముండిన దాని ఫలము అతనికే చెందవలెను, కాదను బోర్డు కారణములు వ్రాయవలెను. విరమించిన సేనాని నా జిరాక్సును వెలుతురునకు పట్టి చూచి, “కారణములేవి?” యని యడిగెను. ప్రభుత్వపు వకీలు పుటలు త్రిప్పెను. ఆ పుటలన్నియు నాకు కంఠస్థములు. అందు కారణములు లేవు.

వ్యాజ్యము నెగ్గినది. 30 శాతమును 50గా లెక్కించి యిమ్మనిరి. సేవ ముగించుకొని విరమించినవారికిని ఆ సౌకర్యము చెల్లునని రామ్ అవతార్ కేసున 2014 డిసెంబరులో సుప్రీంకోర్టు తేల్చియుండెను. బకాయి మాత్రము పిటిషనునకు వెనుకటి మూడేండ్లకే. బీరువాలో గడచిన మిగిలిన యేండ్లు చీరల క్రిందనే పోయినవి. ఇప్పుడు సేవ విడుచువారికి 2023లో క్రొత్త నియమములు వచ్చినవి; వారి ఇ.సి.జి.లు వాటితో తలపడవలసియుండును.

బకాయితో హవల్దారు పెంకుటింటి పైకప్పు తీయించి స్లాబు వేయించెననియు, సిగరెట్టు పూర్తిగా మానెననియు వకీలు గుమాస్తా చెప్పగా వింటిని. స్లాబు మాట నమ్మితిని.